కరెంటు పోతే నల్లా ఎందుకు ఆగుతుంది? ఈ అతుకుల మీద పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు?

గండిపేట_నీళ్లు • సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో పాఠాలు చెప్తాను. రెండేళ్లుగా ఒకే ప్రపోజల్ పట్టుకుని తిరుగుతున్నాను. అందులో ఉన్నది చిన్న ప్రశ్నే. గట్టి వానలో ఒక సబ్‌స్టేషన్ ఆగిపోతే, దాని వెనక ఏవేవి ఏ వరసలో ఆగుతాయి? నీళ్లు ఎన్ని గంటలకు, ఫోన్ ఎన్ని గంటలకు, ఆస్పత్రి జెనరేటర్‌కు డీజిల్ ఎప్పటికి అందకుండా పోతుంది? మళ్లీ లేచేటప్పుడు ఏది ముందు లేవాలి?

మొదటిసారి సివిల్ కమిటీకి పంపితే "ఇది విద్యుత్ విషయం" అని తిప్పి పంపారు. రెండోసారి విద్యుత్ కమిటీకి పంపాను. "ఇందులో కొత్త విద్యుత్ సాంకేతికత ఏమీ లేదు" అన్నారు. ఇద్దరూ తమ కోణంలో చెప్పింది తప్పు కాదు. కానీ నగరం ఆగిపోయేది సరిగ్గా ఆ రెండు కమిటీల మధ్య ఉన్న సందులోనే కదా! పైపు మీద పరిశోధనకు డబ్బుంది, తీగ మీద ఉంది, రోడ్డు మీద ఉంది. పైపూ తీగా కలిసే అతుకు మీద పని చేస్తానంటే మాత్రం దరఖాస్తు ఏ కిటికీలో ఇవ్వాలో తెలియదు.

ఇలాంటి పని చేసినవాళ్లు, డబ్బు తెచ్చినవాళ్లు, లేదా ఆ అతుకు దగ్గర ఉద్యోగం చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మూడోసారి రాయబోతున్నాను.

రిటైర్డ్_ఈఈ • సోమవారం రాత్రి 10:40

అమ్మా, నీ పేరు చూసి ఆగాను, కాబట్టి గండిపేట నుంచే మొదలుపెడతాను. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ఊడ్చేసిన తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాల మీదే ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు రాతి కాలువలో వాటంతట అవే పల్లానికి నడిచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. మోటారు లేదు, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) లేదు. కరెంటు ఉన్నా లేకున్నా నీళ్లొచ్చేవి.

ఇప్పుడు లెక్క మారిపోయింది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి దాదాపు 180 మీటర్లు. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. కృష్ణా నీళ్లను కోదండాపురంలో శుద్ధి చేసి, మెట్టు మెట్టుగా పంపులతో 300 మీటర్లకు పైగా ఎత్తి, వంద కిలోమీటర్లు దాటించి సాహెబ్‌నగర్‌కు తేవాలి. మూడు దశల్లో ఒక్కోటి రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఇంకా ఎక్కువ దూరం వస్తాయి. అంటే నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం కరెంటు భుజాల మీద ఎక్కి వస్తోంది.

పంపులు ట్రిప్ అయితే, అంటే కరెంటు తెగి ఒక్కసారిగా ఆగిపోతే, ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. పెద్ద పైపులో పరుగెడుతున్న నీరు ఒక్కసారిగా ఆగి వెనక్కి తంతుంది. దాన్నే వాటర్ హ్యామర్ అంటాం. పైపు పగలకుండా ఆ తన్నును తట్టుకునే ట్యాంకులు (సర్జ్ వెసల్స్), వాల్వులు కాపాడాలి. తర్వాత కరెంటు వచ్చిందని అన్ని పంపులూ ఒకేసారి వేయడానికి లేదు. ఒక్కొక్కటే వేయాలి, లైనులో గాలి తీయాలి, మధ్యలో ఉన్న రిజర్వాయర్లు నిండాలి. నా అనుభవంలో పది నిమిషాల ట్రిప్ గంటల ఆలస్యంగా మారేది. చివరి కాలనీకి వచ్చేసరికి అది ఒక రోజు నీళ్లు తప్పడమే. ఆ కాలనీవాళ్లు నల్లా తిప్పి లైన్‌మన్‌ను తిట్టేవాళ్లు, పాపం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ లెక్క ఎవరైనా కట్టి చూపిస్తే బాగుండునని నాకు ఉండేది. పది నిమిషాల్లో కరెంటు పునరుద్ధరించామని విద్యుత్ రిజిస్టర్‌లో ఉంటుంది. సరఫరా ఒక రోజు ఆలస్యమైందని నీళ్ల రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

132కేవీ • మంగళవారం ఉదయం 6:25

సబ్‌స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నా. ఈఈ సార్ చెప్పింది నిజం. మా వైపు నుంచి ఇంకొకటి కలుపుతా. వరదలో మేమే కావాలని కరెంటు ఆపుతాం. యార్డులోకి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల దాకా నీళ్లొస్తే, లేదా కాలనీలో మీటర్ బాక్సులు మునిగితే ఆపక తప్పదు. లేకపోతే షాక్ కొట్టి మనుషులు పోతారు. కానీ ఆ ఫీడర్ మీద ఇంకేం ఆధారపడి ఉన్నాయో షిఫ్ట్‌లో ఉన్నవాడికి పూర్తిగా తెలియదు. ఆస్పత్రి, పెద్ద పంప్‌హౌస్ తెలుసు. నేను పనిచేసిన ఒకచోట సెల్ టవర్లు ఆ జాబితాలో లేవు. టవర్ బ్యాటరీ అయిపోయాక మా రిపేరు గ్యాంగ్‌తో మాట్లాడటానికి మాకే ఫోన్ కలవలేదు.

జాబితా అంటే చిన్న విషయం అనిపిస్తుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో మంచు తుఫానప్పుడు లోడ్ (కరెంటు వాడకం) తగ్గించాలని ఫీడర్లు కోశారు. అందులో గ్యాస్ బావులకు, కంప్రెసర్లకు వెళ్లేవి కూడా పోయాయి, ఎందుకంటే చాలావాటిని ముఖ్యమైన లోడ్‌గా నమోదు చేసుకోలేదు. గ్యాస్ ఆగితే గ్యాస్ మీద నడిచే విద్యుత్ కేంద్రాలు ఆగాయి. దాంతో ఇంకా ఎక్కువ ఫీడర్లు కోయాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర ప్రభుత్వ లెక్కలోనే 246 మంది చనిపోయారు. అన్నిటి వెనకా ఉన్న కారణాల్లో ఒకటి ఒక నింపని ఫారం.

అలాగని అన్నిటినీ విడదీయడమూ మంచిది కాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలినప్పుడు మనకు ఏమీ కాలేదు, అప్పటికి దక్షిణాది గ్రిడ్ వాటితో సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే లయలో కలిసి నడవడం లేదు కాబట్టి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో కలిసింది. ఆ తర్వాత కొరత వచ్చినప్పుడు బయటి నుంచి కరెంటు తెచ్చుకోవడం తేలికైంది. కలవడంలో బలం ఉంది, భయమూ ఉంది. ఎంత కలవాలి, ఎక్కడ విడిపోయే వీలు ఉంచుకోవాలి అన్నది మేడమ్ లాంటివాళ్లు లెక్కకట్టి చెప్పాలి. షిఫ్ట్‌లో నిలబడి మేం తేల్చలేం.

ముందు_నాలా • మంగళవారం ఉదయం 8:50

అందరి మీదా గౌరవంతోనే చెప్తున్నా. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలాలు (వాన నీళ్లు పోయే కాలువలు) వెడల్పు చేయాలని అప్పుడే నివేదికలు వచ్చాయి. 2020 అక్టోబర్‌లో మళ్లీ మునిగాం. మధ్యలో ఇరవై ఏళ్లు. మనకు లోటు పరిశోధనలో లేదు, పనిలో ఉంది. మా వీధిలో నాలా మీద పై కప్పు లేదు. వాన పడితే పిల్లలను బడికి పంపాలంటే టెన్షన్. పేపర్లు రాయడానికి పెట్టే ప్రతి రూపాయీ ఆ కప్పు నుంచి తీసినట్టే నాకు కనిపిస్తుంది. తప్పైతే చెప్పండి.

సరూర్‌నగర్_రెండో_అంతస్తు • మంగళవారం మధ్యాహ్నం 1:15

ఇంజినీర్‌ను కాను, గృహిణిని. 2020 అక్టోబర్ 13 రాత్రి మా వీధిలోకి చెరువు నీళ్లు వచ్చాయి. మాది రెండో అంతస్తు, ఇంట్లోకి చుక్క రాలేదు. "మీరు అదృష్టవంతులు" అన్నారు అందరూ.

ముందు కరెంటు ఆపారు. సంపు మునిగి మురుగు కలిసింది. పైన ట్యాంకులో ఉన్నదే నీళ్లు, పది కుటుంబాలకు. బోరు మోటారు కింద ఉంది, అది మునిగింది. మా అత్తమ్మకు ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి. మొదటి రోజు ఐస్‌తో నెట్టుకొచ్చాను. రెండో రోజు ఫోన్ సిగ్నల్ పోయింది, మందుల షాపుకు చెప్పే దారి లేదు. నీళ్లు తీశాక కూడా కరెంటు రాలేదు, కింద మీటర్లన్నీ ఆరాలి కదా. అవి ఆరినా మోటారు కాలిపోయింది, మెకానిక్ దొరకలేదు, కాలనీలో అందరి మోటార్లూ కాలాయి మరి.

ముందు_నాలా అన్నా, మీరు చెప్పింది న్యాయమే, నాలా కావాలి. కానీ మా ఇంట్లో కష్టం నీళ్లు వెనక్కి పోయాకే ఎక్కువైంది. ఏది ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు తిరిగి వచ్చిందో అప్పట్లో క్యాలెండర్ వెనక రాసిపెట్టాను. ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ఉంది.

గండిపేట_నీళ్లు • మంగళవారం మధ్యాహ్నం 2:02

అమ్మా, ఆ క్యాలెండర్ దయచేసి పారేయకండి. నేను అడుగుతున్నాను.

ముందు_నాలా గారూ, మీ నాలా కప్పు డబ్బు మాకొద్దు. ఒక్కటి చూడండి. 15వ ఆర్థిక సంఘం ఏడు పెద్ద నగరాల్లో వరద ముప్పు తగ్గించడానికి 2,500 కోట్లు సిఫారసు చేసింది. అందులో హైదరాబాద్ వాటా 250 కోట్లు. అలాంటి పనుల్లో వంద రూపాయలకు ఒక్క రూపాయి "ఏ అతుకు ముందు తెగుతుంది" అన్న కొలతకు పక్కన పెడితే, మిగతా తొంభై తొమ్మిది ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది. వెడల్పు చేసిన నాలా పక్కనే పంపింగ్ స్టేషన్ స్విచ్ ప్యానెల్ నేల మట్టానికి ఉంటే, వెడల్పు చేసిన ఫలితం సగం పోతుంది. ఆ ప్యానెల్‌ను మీటరు ఎత్తు దిమ్మె మీద పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఏ ప్యానెల్ అని తెలియాలి, అంతే.

పరిశోధన పేపర్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు కూడా. 2015 డిసెంబర్ వరదల తర్వాత చెన్నైకి, తర్వాత 2020లో ముంబైకి వరద హెచ్చరిక వ్యవస్థలు తయారయ్యాయి. చెన్నై దాన్లో ఐఐటీలు, అన్నా విశ్వవిద్యాలయం, కేంద్ర తీర పరిశోధన సంస్థ కలిసి పనిచేశాయి. ఏ వీధిలో ఎంత నీరు నిలుస్తుందో ముందే అంచనా వేయడం దాని పని. మనకు ఇక్కడే భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, కంది దగ్గర ఐఐటీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. నీరు ఎక్కడ నిలుస్తుందన్న దాని పక్కన, అక్కడ నిలిస్తే ఏమేమి ఆగుతాయన్న రెండో పొర కలపాలి. నా ప్రపోజల్ అంతా ఆ రెండో పొరే.

కొలరాడో_నుంచి • బుధవారం ఉదయం 7:30

మాది వరంగల్, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నా. మేడమ్, మీరు అడిగిన "ఏ కిటికీ" అన్న ప్రశ్న ఇక్కడా ఉండేది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2014లో రిప్స్ అని ఒక కార్యక్రమం పెట్టింది, ఆ వెంటనే క్రిస్ప్ అని ఇంకొకటి. రెండింటి ఉద్దేశం ఒకటే, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మౌలిక వ్యవస్థల తట్టుకునే శక్తి. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, సామాజిక శాస్త్రాల విభాగాలు కలిసి ఒకే సంచీలో డబ్బు వేశాయి. ప్రపోజల్ తెచ్చే బృందం కూడా అలాగే కలిసి రావాలి. అంటే కొత్త కిటికీయే తెరిచారు. బ్రిటన్‌లోనూ 2011 నుంచి ఆక్స్‌ఫర్డ్ నాయకత్వంలో విద్యుత్, రవాణా, నీరు, వ్యర్థాలు, డిజిటల్ అన్నిటినీ ఒకే నమూనాలో చూసే కన్సార్షియం (సంస్థల కూటమి) నడిచింది.

నేనున్న రాష్ట్రంలోనే కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో 2015లో ఒక కేంద్రం మొదలైంది. నిస్ట్ అనే అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఐదేళ్లకు 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. వాళ్లు మొదట చేసిన పని నాకు చాలా నచ్చింది. సెంటర్‌విల్ అని ఒక ఊహా పట్టణాన్ని కట్టుకున్నారు. ఇళ్లు, వంతెనలు, నీటి పైపులు, కరెంటు, కుటుంబాల ఆదాయాలు కూడా. నిజమైన ఊరి మ్యాపులు దొరికేలోపు లెక్కలన్నీ దాని మీద సరిచూసుకున్నారు. తర్వాత 2016 తుఫానులో మునిగిన లంబర్టన్ అనే నిజమైన చిన్న పట్టణానికి వెళ్లి, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అవే ఇళ్లను పలకరించారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇన్‌కోర్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇంకొక మాట. ఈ రంగంలో అందరూ చదివే 2001 నాటి ఒక వ్యాసం ఆధారపడటాన్ని నాలుగు రకాలుగా విడదీస్తుంది. మన ఊరి భాషలో చెప్తా. పంపుకు కరెంటు కావాలి, అది భౌతికం. సబ్‌స్టేషన్‌ను దూరం నుంచి నడిపేందుకు ఫైబర్ కావాలి, అది సమాచారం. ఒకే వంతెన కింద నీటి పైపు, కేబుల్, గ్యాస్ లైను వేలాడుతున్నాయి, అది చోటు. నాలుగోది డబ్బు, నియమాలు, మనుషుల నిర్ణయాలు. ఈఈ సార్ చెప్పిన రెండు రిజిస్టర్ల కథ నాలుగోదే. దాన్ని కొలవడానికి సెన్సర్ లేదు, అందుకే నిధులిచ్చేవాళ్ల కంటికి ఆనదు.

జమాఖర్చు • బుధవారం సాయంత్రం 6:45

ఒక విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టుల ఖాతాలు చూస్తాను. డబ్బు వైపు నుంచి చెప్తా.

పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది, అంతకుముందు ఆ పని చేసిన కేంద్ర బోర్డు సెర్బ్ అందులో కలిసింది. 2023 నుంచి 2028 వరకు 50,000 కోట్లు అన్నారు. కానీ అందులో ప్రభుత్వ బడ్జెట్ నుంచి వచ్చేది 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. పరిశ్రమ తను అమ్ముకోగలిగిన దాని మీద డబ్బు పెడుతుంది. అతుకు ఎవరి సొత్తూ కాదు, దాన్ని ఎవరూ అమ్మలేరు. కాబట్టి ఈ పనికి ప్రభుత్వ వాటా నుంచే రావాలని గట్టిగా అడగాలి. 2025 జూలైలో మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధి మీద ఆశ పెట్టుకోకండి. అది కొంత సిద్ధమైన సాంకేతికతను మార్కెట్‌కు చేర్చే ప్రైవేటు రంగానికి అప్పుగా, పెట్టుబడిగా ఇచ్చేది. వరద రాత్రి ఏ ఫీడర్ ఏ నల్లాను ఆపిందన్న లెక్క అందులో ఇమడదు.

అనుసంధాన్‌లో పెయిర్ అనే పథకం చూడండి. ఒక పెద్ద సంస్థ హబ్‌గా, చుట్టూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హబ్‌లలో ఒకటి. ఢిల్లీలో ఉన్న సీడీఆర్‌ఐ, అంటే 2019లో ఐక్యరాజ్యసమితి వేదికగా మొదలైన విపత్తు తట్టుకునే మౌలిక వసతుల కూటమి, ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఆ కిటికీ మీ అంశానికి అన్నిటికన్నా దగ్గర.

బడ్జెట్ రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. యంత్రం కొంటామంటే సులువుగా ఒప్పుకుంటారు, మనిషికి జీతం అంటే కోత వేస్తారు. మీ పనిలో యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. దాన్ని దాచకండి, ఎందుకో ఒక పేజీ రాయండి. పైగా మన వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. మార్చి 31న యూసీ (ఇచ్చిన డబ్బు ఖర్చైందన్న ధ్రువపత్రం) అడిగి, తర్వాతి విడత ఆగస్టులో ఇస్తే, ఒక వానాకాలం మొత్తం పోతుంది. మొదటి విడత ఏప్రిల్‌లోగా చేతికి రావాలని షరతులోనే రాయించుకోండి. ఇది చిన్న సలహా అనుకోకండి. ఇలా సగంలో చచ్చిపోయిన ఫైళ్లు నా బల్ల మీద నుంచే వెళ్లాయి, ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వాల్తేరు • బుధవారం రాత్రి 8:10

వైజాగ్ నుంచి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు, ఫోను, నీళ్లు, పెట్రోలు బంకులు అన్నీ ఒకేసారి పడిపోయాయి. బంకులో పెట్రోలు ఉంది, పైకి తోడే కరెంటు లేదు. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. గాలికి అది మంచి మందు. హైదరాబాద్‌లో శత్రువు గాలి కాదు, నీళ్లు. భూమిలో వేసేముందు ఆ తేడా ఎవరైనా లెక్క చూడాలి.

సింగ్‌నగర్ • బుధవారం రాత్రి 9:33

విజయవాడ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా ఇళ్లలోకి వచ్చింది. మాకు సాయం రావాల్సిన దారి కూడా అదే రోజు తెగింది. హైదరాబాద్ హైవే మీదకు నీళ్లొచ్చాయి, మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. రిపేరుకు సామాను, పడవలు, పాలు ఏ దారిన రావాలి? మేడమ్, మీ లెక్కలో నగరం పొలిమేర దగ్గర గీత గీయకండి.

బస్తీ_సర్వే • గురువారం ఉదయం 11:20

నేను సామాజిక శాస్త్రం వైపు. పై పోస్టులన్నీ చదివాక ఒక బాధ. ట్యాంకు ఉన్న అపార్ట్‌మెంట్‌కు నల్లా ఒక రోజు ఆగితే తెలియను కూడా తెలియదు. సంపు, ట్యాంకు లేని బస్తీలో ఆ ఒక్క రోజుకే ఇంట్లో ఆడవాళ్లు పని మానుకుని ట్యాంకర్ కోసం కూర్చుంటారు. ఆ రోజు కూలి పోతుంది. మీ నమూనాలో "ఎంతమందికి సరఫరా ఆగింది" అని ఒక అంకె మాత్రమే ఉంటే ఈ ఇద్దరూ ఒకటే అవుతారు. ఇళ్లలో ఎంత నీరు నిల్వ ఉంచుకోగలరు, ట్యాంకర్‌కు ఎంత ఇస్తారు, ఎన్ని గంటలు పోయాయి అన్నవి కూడా కొలవండి. అందుకు సర్వేకు వెళ్లే అమ్మాయిలకు సరైన జీతం పెట్టండి, గౌరవ వేతనం అని చేతిలో ఏదో పెట్టకండి.

వాల్వ్ తిప్పే మనిషిని కూడా బృందంలోకి తీసుకోండి. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిప్పితే ఏ గల్లీకి నీళ్లెక్కుతాయో అతనికే తెలుసు. అది ఏ మ్యాపులోనూ లేదు. అతను రిటైరైతే ఆ జ్ఞానం అతనితోపాటే ఇంటికి పోతుంది.

132కేవీ • గురువారం మధ్యాహ్నం 3:40

అసలు చిక్కు మ్యాపుల దగ్గరే వస్తుంది మేడమ్. భద్రత కారణంగా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అలాగని తెలియకపోతే జరిగే నష్టం తక్కువా? తవ్వకాల్లో దేశమంతటా ఏడాదికి దాదాపు 10 లక్షల ఫైబర్ కోతలు పడుతున్నాయని, నష్టం 3,000 కోట్లని ప్రభుత్వమే చెప్పి, 2023 మార్చిలో తవ్వేముందు ఫోన్ చేయమని ఒక యాప్ తెచ్చింది.

రిటైర్డ్_ఈఈ • గురువారం సాయంత్రం 5:05

దానికి దారి ఉంది. మ్యాపు బయటికి రానక్కర్లేదు. పరిశోధకురాలే ఆఫీసు గదిలోకి వెళ్లి, అక్కడి కంప్యూటర్ మీదే లెక్క చేసి, ఫలితం మాత్రం బయటికి తేవాలి. ఆ కొలరాడో అబ్బాయి చెప్పినట్టు బయట విద్యార్థులకు ఊహా పట్టణం ఇవ్వు. రెండు శాఖలతో ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించు. ఆ కాగితం కోసం నేనూ వెంట వస్తాను. నా పాత జూనియర్లు ఇప్పుడు అక్కడ పెద్ద కుర్చీల్లో ఉన్నారు, నా మాట వింటారు.

ముందు_నాలా • గురువారం రాత్రి 7:48

సరూర్‌నగర్ అక్కా, మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. నాలా మాట వదలను. కానీ ఏ ప్యానెల్ మునుగుతుందో ముందే తెలిస్తే మంచిదే. మా వార్డులో నేల మట్టానికి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, పంపు గదులు ఆదివారం తిరిగి లెక్కపెడతాను. ఎత్తు కొలవడానికి ఏ పట్టీ వాడాలో, ఎక్కడి నుంచి కొలవాలో చెప్పండి.

గండిపేట_నీళ్లు • గురువారం రాత్రి 10:30

నిన్నటి నుంచి ఒక్కో పోస్టూ రెండేసి సార్లు చదివాను. ప్రపోజల్ మొత్తం మార్చాను. నగరమంతా అని రాసింది కొట్టేశాను. ఒక సబ్‌స్టేషన్, దాని మీద నడిచే ఒక పంప్‌హౌస్, ఆ నీళ్లు అందే ఒక బస్తీ, ఒక కాలనీ, ఒక ఆస్పత్రి. రెండు వానాకాలాలు. బృందంలో విద్యుత్ నుంచి ఒకరు, సామాజిక శాస్త్రం నుంచి ఒకరు, రోజువారీ వేతనంతో ఒక రిటైర్డ్ వాల్వ్ ఆపరేటర్. మొదటి మూడు నెలలు కేవలం రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చదవడమే పని.

ముందు_నాలా గారూ, మామూలు స్టీలు టేపు చాలు. రోడ్డు మధ్య నుంచి స్విచ్ ప్యానెల్ కింది అంచు దాకా ఎత్తు, 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీది మరక దాకా ఎత్తు. రెండే కొలతలు.

అమ్మా, మీ క్యాలెండర్ ప్రపోజల్‌లో మొదటి పేజీలో పెడతాను, మీకు ఇష్టమైతే.

సరూర్‌నగర్_రెండో_అంతస్తు • గురువారం రాత్రి 11:02

ఇష్టమే అమ్మా. ఫోటో సరిగా రాలేదు, అక్షరాలు వెలిసిపోయాయి. టైప్ చేస్తున్నాను.

13 రాత్రి 10:15 కరెంటు పోయింది.
14 ఉదయం 6 సంపులో మురుగు.
14 సాయంత్రం 4 పైట్యాంకు ఖాళీ. కింది వాళ్లకు రెండు బిందెలు ఇచ్చాం.
15 ఉదయం 9 ఫోన్ సిగ్నల్ లేదు.
15 మధ్యాహ్నం ఐస్ అయిపోయింది.
16 మధ్యాహ్నం సిగ్నల్ వచ్చింది. మందుల షాపు మూసే ఉంది.
17 రాత్రి 8 వీధిలో కరెంటు వచ్చింది, మా మెట్ల దగ్గర మీటర్లు తడి, వేయలేదు.
18 సాయంత్రం మాకు కరెంటు.
20 మోటారు బాగైంది.
21 ఉదయం నల్లా వచ్చింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, పారబోశాం.